యంత్రాన్ని ప్రశ్నించే విద్య

1943 జులై 24న పసిఫిక్ మహాసముద్రంలో టినోసా అనే అమెరికన్ జలాంతర్గామికి ఒక పెద్ద జపాన్ ఓడ ఒంటరిగా దొరికింది. దాని పేరు టోనన్ మారు నంబర్ 3. ఒకప్పుడు తిమింగలాల వేటలో వాడిన ఆ ఓడ యుద్ధం వచ్చాక చమురు మోయడానికి దిగింది. టినోసా అధిపతి డాస్పిట్ ముందుగా వదిలిన టార్పెడోలు ఏటవాలు కోణంలో వెళ్ళి తగిలాయి. వాటిలో రెండు పేలడంతో ఓడ ఆగిపోయింది. పక్కన కాపలా నౌక ఏదీ లేదు. డాస్పిట్ తాపీగా 875 గజాల దూరానికి చేరి, ఓడ పక్కభాగానికి సరిగ్గా 90 డిగ్రీల కోణంలో గురి పెట్టాడు. అంతకన్నా మంచి గురి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. ఒక్కొక్క టార్పెడోనే వదులుతూ, పెరిస్కోపులోంచి చూస్తూ, సమయం రాసుకుంటూ పోయాడు. ప్రతిదీ వెళ్ళి ఓడకు కొట్టుకుంది కానీ ఏదీ పేలలేదు. మొత్తం పదిహేను ఖర్చయ్యాక, మిగిలిన ఒక్క టార్పెడోను విప్పి చూడడానికని దాచి పెర్ల్ హార్బర్‌కు తీసుకుపోయాడు.

ఆ టార్పెడో పేరు మార్క్ 14. అందులో ఒకదాని వెనుక ఒకటిగా మూడు లోపాలు దాక్కుని ఉన్నాయి. మొదటిది, పెట్టిన లోతు కన్నా సుమారు పది అడుగులు కిందికి పోవడం. నావికులు ఎంత మొత్తుకున్నా, మీ గురే సరిగ్గా లేదని తయారీ విభాగం జవాబిచ్చేది. 1942 జూన్‌లో పశ్చిమ ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని ఆల్బనీ దగ్గర అడ్మిరల్ లాక్‌వుడ్ ఒక చేపల వలను సముద్రంలో నిలువుగా వేలాడదీయించి, దాని మీదికి టార్పెడో వదిలించాడు. పది అడుగుల లోతుకు పెట్టిన టార్పెడో వలను 25 అడుగుల దగ్గర చీల్చుకుపోయింది. ఆ లోపం దిద్దాక రెండోది బయటపడింది. ఓడ ఇనుము వల్ల మారే అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టి ఓడ కిందే పేలాల్సిన యంత్రాంగం ఒకసారి ముందే పేలుతోంది, ఒకసారి అసలు పేలడం లేదు. దాన్ని తీసేశాక మూడోది బయటపడింది. టార్పెడో నిటారుగా గుద్దుకుంటే ఆ అదురుకు పేల్చే సూది దాని గాడిలోనే బిగుసుకుపోతోంది. ఏటవాలుగా తగిలితే దెబ్బ తక్కువ కాబట్టి సూది కదులుతోంది. అంటే గురి ఎంత బాగుంటే టార్పెడో అంత పనికిరాకుండా పోతోంది. పెర్ల్ హార్బర్‌లో తొంభై అడుగుల ఎత్తు నుంచి ఇనుప పలకల మీదికి టార్పెడో తలలను జారవిడిచి చూస్తే, నేరుగా పడ్డ పదింటిలో ఏడు పేలలేదు.

ఈ ఆయుధాన్ని తయారుచేసిన న్యూపోర్ట్ కేంద్రంలో పరీక్షలు జరగలేదని కాదు. లోతు కొలిచారు. కానీ పరీక్షలో వాడిన డమ్మీ తల అసలు తలకన్నా తేలిక. లోతును పసిగట్టే రంధ్రం ఉన్నచోట, టార్పెడో వేగంగా పోతున్నప్పుడు నీటి ఒత్తిడి తగ్గిపోతుంది. దాంతో యంత్రానికి తను అసలు కన్నా పైన ఉన్నట్టు అనిపిస్తుంది. పరీక్షలో లోతు రాసే పరికరానికీ అదే ప్రవాహం తగిలి, అదే తప్పు వచ్చేది. తప్పు చేసిన యంత్రాన్ని అదే తప్పు చేసే పరికరంతో కొలిస్తే రెండూ చక్కగా ఏకీభవిస్తాయి. ఇక పేలుడు యంత్రాంగం సంగతి. ఒక్కో టార్పెడో ఖరీదు పది వేల డాలర్లు కాబట్టి నిజమైన మందుతో పేల్చి చూడడం వృథా అనుకున్నారు. 1926లో ఒక పాత జలాంతర్గామి మీదికి రెండే రెండు వదిలారు. వాటిలో ఒకటే పేలింది. పని పూర్తయిందనుకున్నారు.

ఈ చరిత్రలో ఎవరి చేతగానితనమో చూసి ఊరుకుంటే అసలు పాఠం చేజారుతుంది. న్యూపోర్ట్ ఇంజనీర్లు తమ పని తెలిసినవాళ్ళు. కొత్త యంత్రాన్ని నిర్మించడం ఒక విద్య అయితే, అది చెప్పే జవాబు నిజమో కాదో తేల్చేలా దాన్ని ప్రశ్నించడం మరో విద్య. రెండో విద్యకు అప్పటికి బడి లేదు, గురువు లేడు.

ఆ బడి మొదలైంది సరిగ్గా ఆ ఏడాదే. టినోసా ఘటనకు నెల ముందు, 1943 జూన్‌లో, ఇంగ్లండ్‌లోని బోస్కోంబ్ డౌన్ విమానక్షేత్రంలో ప్రపంచంలోనే తొలి టెస్ట్ పైలట్ల పాఠశాల తెరిచారు. తర్వాత దానికే ఎంపైర్ టెస్ట్ పైలట్స్ స్కూల్ అని పేరు వచ్చింది. యుద్ధం తోసుకొస్తుంటే నెలకో కొత్త రకం విమానం వచ్చేది, వాటితో పాటే పరీక్షించే పైలట్ల చావులూ పెరిగాయి. దాని వెంటే అమెరికా వైమానిక దళం 1944లో, నౌకాదళం 1945లో, ఫ్రాన్స్ 1946లో తమ పాఠశాలలు పెట్టుకున్నాయి. మన వైమానిక దళం టెస్ట్ పైలట్ పాఠశాల 1973లో బెంగళూరులో మొదలైంది. దానికి ముందు మనవాళ్ళు బ్రిటన్‌కో ఫ్రాన్స్‌కో వెళ్ళి నేర్చుకుని వచ్చేవారు.

సినిమాల్లో టెస్ట్ పైలట్ అంటే ప్రాణానికి తెగించిన మొండివాడు. ఈ పాఠశాలల్లోకి వచ్చేవాళ్ళు అప్పటికే వందల గంటలు ఎగిరిన చేయి తిరిగిన పైలట్లు. ధైర్యం వాళ్ళకు నేర్పనక్కర్లేదు. అక్కడ వాళ్ళ దగ్గర మాన్పించాల్సింది ఒకటుంది. మంచి పైలట్ విమానంలో ఏ వంకర ఉన్నా తనకు తెలియకుండానే సర్దుకుపోతాడు. ముక్కు కుడికి లాగుతుంటే అతని కాలు ఎడమ పెడల్ మీద దానంతటదే బరువు వేస్తుంది. దిగి వచ్చాక ఎలా ఉందని అడిగితే బాగానే ఉందంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ లోపాన్ని అతని నైపుణ్యం మింగేసింది. రేపు అదే విమానం అలసిపోయిన ఇరవై రెండేళ్ళ కుర్రాడి చేతికి రాత్రివేళ, వానలో వస్తుంది. కాబట్టి తన చేతులు చేస్తున్న పనిని తానే బయటినుంచి గమనించి, ఎంత సర్దుబాటు చేస్తున్నానో కొలిచి చెప్పగలగాలి. ఒక సంవత్సరం పాటు సాగే చదువులో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే అని నా అభిప్రాయం.

కొలవడానికి ఒక కొలబద్ద కావాలి. ‘కొంచెం బరువుగా ఉంది’, ‘చురుకుగా స్పందించింది’ లాంటి మాటలతో ఇంజనీరు ఏం చేసుకుంటాడు? 1969లో జార్జ్ కూపర్, రాబర్ట్ హార్పర్ అనే ఇద్దరు నాసా ప్రచురణగా ఒక పద్ధతి ఇచ్చారు. ప్రపంచంలోని టెస్ట్ పైలట్లందరూ ఇవాళ్టికీ దాన్నే వాడుతున్నారు. అందులో ఒకటి నుంచి పది వరకు అంకెలున్నాయి. ఒకటి అత్యుత్తమం, పది అంటే విమానం అదుపు తప్పుతుంది. దాని బలం అంకెల్లో కన్నా, ఆ అంకెకు చేరే దారిలో ఉంది. ముందుగా పని ఏమిటో నిర్ణయించుకోవాలి. ఉదాహరణకు, ఫలానా వేగంతో ఎత్తును 50 అడుగులకు అటూ ఇటూ పోకుండా నిలపడం కోరుకున్న ప్రమాణం, 100 అడుగుల లోపు ఉంచడం సరిపెట్టుకోదగ్గ ప్రమాణం అనుకుందాం. ఆ పని చేశాక పైలట్ వరసగా ప్రశ్నలు వేసుకుంటాడు. విమానం అదుపులో ఉందా? భరించదగ్గ శ్రమతో సరిపెట్టుకోదగ్గ ప్రమాణం అందిందా? ఏ మార్పూ లేకుండా ఇలాగే వదిలేయవచ్చా? మొదటిదానికి లేదంటే అంకె పది. రెండోదానికి లేదంటే ఏడు నుంచి తొమ్మిది, లోపాన్ని దిద్ది తీరాలి. మూడోదానికి లేదంటే నాలుగు నుంచి ఆరు, దిద్దితే మంచిది. అన్నిటికీ అవునంటేనే మూడు లోపు అంకె వస్తుంది. ఎత్తు సరిగ్గా నిలిచింది కానీ నా ప్రాణం అంతా దానిమీదే పెట్టాల్సి వచ్చింది అని పైలట్ చెప్పే మాటకు కూడా ఈ కొలబద్దలో చోటుంది. శ్రమను లెక్కలోకి తీసుకోవడం ఆ ఇద్దరి గొప్పతనం.

ఇలా శిక్షణ పొందిన పైలట్ ఒక కొలిచే పరికరం. పరికరం అన్నాక దాన్నీ సరిచూడాలి. అందుకు తమ స్వభావాన్ని మార్చుకోగల ప్రత్యేక విమానాలున్నాయి. పైలట్ పట్టిన కర్రకూ, రెక్కల మీద కదిలే పలకలకూ మధ్య ఒక కంప్యూటరు కూర్చుంటుంది. గురువు వెనక సీట్లోంచి దానికి చెప్పి, అదే విమానాన్ని క్షణంలో మందకొడి రవాణా విమానంలా, మరుక్షణం బిగుసుకున్న యుద్ధవిమానంలా మారుస్తాడు. ఏం మార్చాడో విద్యార్థికి చెప్పడు. నలుగురు విద్యార్థులు నాలుగు రకాలుగా వర్ణిస్తే, ఎవరి మాట కంప్యూటరులో పెట్టిన నిజానికి దగ్గరగా ఉందో దిగాక పోల్చి చూపిస్తాడు.

ఈ విమానాల వల్ల విద్యార్థికి బాగా తెలిసొచ్చే ప్రమాదం ఒకటుంది. ఇప్పటి యుద్ధవిమానంలో కర్ర కదిపితే పలకలు నేరుగా కదలవు. సంకేతం కంప్యూటరుకు వెళ్ళి, లెక్క జరిగి, అప్పుడు మోటార్లకు ఆజ్ఞ అందుతుంది. ఆ ఆలస్యం సెకనులో పదో వంతు ఉన్నా చాలు. చలికాలంలో గీజర్ కుళాయి కింద నిలబడ్డవాడు నీళ్ళు వేడెక్కలేదని ఇంకా తిప్పుతాడు, తీరా కాలేనీళ్ళు వచ్చేసరికి గబగబా వెనక్కి తిప్పుతాడు, అప్పుడు మంచునీళ్ళు వస్తాయి. పైలట్ కూడా అలాగే విమానం తిరగలేదని కర్రను మరికాస్త తోస్తాడు, ఆలస్యంగా వచ్చిన స్పందన అతిగా ఉంటుంది, దాన్ని సరిచేయబోతే అది మరో వైపు అతి అవుతుంది. నాలుగైదు ఊపుల్లో విమానం చేయి దాటుతుంది. 1989 ఫిబ్రవరి 2న స్వీడన్ తయారుచేసిన గ్రిపెన్ యుద్ధవిమానం తొలి నమూనా, ఆరో ప్రయాణంలో లింషోపింగ్ దగ్గర దిగుతూ ఇలాగే ఊగి రన్‌వే మీద పల్టీ కొట్టింది. పైలట్ మోచేయి విరిగినా ప్రాణాలతో బయటపడ్డాడు. స్వభావం మార్చుకునే విమానం మీద అమెరికాలో కొత్త నియంత్రణ సూత్రాలు పరీక్షించి దిద్దుకున్నా, 1993 ఆగస్టులో స్టాక్‌హోమ్ నగరం మధ్య ప్రదర్శనలో మరో గ్రిపెన్ అదే పైలట్ చేతిలో అదుపు తప్పి కూలింది. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు.

ఇటువంటి లోపం మామూలుగా ఎగిరితే కనపడదు. పని నింపాదిగా ఉన్నంతసేపూ ఆలస్యం బాధించదు. పని బిగుసుకున్నప్పుడే బయటపడుతుంది. 1977లో అమెరికా స్పేస్ షటిల్ నమూనా ఎంటర్‌ప్రైజ్ ఎండిన సరస్సు మైదానంలో నాలుగుసార్లు చక్కగా దిగింది. అక్కడ ఎక్కడ దిగినా ఒకటే. అక్టోబరు 26న ఐదోసారి మొదటిసారిగా కాంక్రీటు రన్‌వే మీద, నిర్ణయించిన బిందువు దగ్గర దిగాలని ఫ్రెడ్ హైజ్ ప్రయత్నించగానే విమానం ఎగుడుదిగుడుగా ఊగింది. లోపం మొదటి రోజు నుంచీ అందులోనే ఉంది. దాన్ని బయటికి లాగే పని మాత్రం ఐదోసారే ఇచ్చారు. అందుకే ఇప్పుడు పాఠశాలల్లో కావాలని రన్‌వేకు పక్కగా జరిగి దిగడం మొదలుపెట్టి, నేల దగ్గరపడ్డాక చివరి క్షణంలో మధ్యగీత మీదికి రమ్మంటారు. ఆ తొందరలో విమానం అసలు గుణం బయటపడుతుంది. విద్యార్థి నేర్చుకోవాల్సింది అలాంటి పనిని తానే ఊహించి, రూపొందించడం.

మన తేజస్ చరిత్రలో ఈ విద్య విలువ స్పష్టంగా కనిపిస్తుంది. తేజస్ తనంతట తాను గాల్లో నిలకడగా ఉండలేని విమానం. కంప్యూటరు ప్రతిక్షణం దిద్దుతుంటేనే ఎగురుతుంది. అలాంటి నియంత్రణ సూత్రాలు మనవాళ్ళు రాయడం అదే తొలిసారి. కోట హరినారాయణ నడిపిన ఆ కార్యక్రమంలో సూత్రాలను ముందు నేలమీది సిమ్యులేటర్లలో, తర్వాత 1996 జులైలో అమెరికాలో విస్టా అనే ఎఫ్-16 మీద పరీక్షించారు. తన గుణం మార్చుకోగల ఆ విమానం, ఇంకా పుట్టని తేజస్‌లా ప్రవర్తించింది. 1998 మేలో పోఖరాన్ అణుపరీక్షల తర్వాత ఆంక్షలు వచ్చి ఆ దారి మూసుకుపోయింది. మిగిలినదంతా బెంగళూరులోనే పూర్తిచేసుకుని, 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ తేజస్‌ను తొలిసారి గాల్లోకి లేపారు. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళపాటు, 2024 మార్చిలో జైసల్మేర్ దగ్గర తొలి ప్రమాదం జరిగేదాకా, ఒక్క తేజస్ కూడా కూలలేదు. దీని వెనక ఒక పెద్ద నష్టం జ్ఞాపకం కూడా ఉంది. మన మొదటి స్వదేశీ జెట్ యుద్ధవిమానం మారుత్‌ను 1961లో తొలిసారి ఎగరేసిన గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్, 1970 జనవరి 10న అదే విమానపు కొత్త రూపాన్ని పరీక్షిస్తూ బెంగళూరులో మరణించారు. అక్కడి ఒక రోడ్డుకు ఆయన పేరే ఉంది. మూడేళ్ళకు ఆ ఊళ్ళోనే పాఠశాల వచ్చింది.

ఇంతదాకా పైలట్ గురించే చెప్పాను. ఆ పాఠశాలల్లో పక్క బెంచీలో ఫ్లైట్ టెస్ట్ ఇంజనీర్లు కూర్చుంటారు. వాళ్ళ పేర్లు పత్రికల్లో రావు కానీ సగం పరీక్ష వాళ్ళదే. వేగం పెరిగినకొద్దీ రెక్క సన్నగా కంపిస్తుంది. ఒక హద్దు దాటితే ఆ కంపనం గాలి నుంచే శక్తి తీసుకుని క్షణాల్లో రెక్కను విరిచేయగలదు. కాక్‌పిట్‌లోని మనిషికి ఆ కంపనం చేతికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. నేలమీద టెలిమెట్రీ గదిలో కూర్చున్న ఇంజనీరు, ప్రతి వేగం దగ్గరా కంపనం ఎంత త్వరగా చల్లారుతోందో గ్రాఫు మీద చూస్తుంటాడు. చల్లారడానికి పట్టే సమయం పెరుగుతూ వస్తుంటే, తర్వాతి మెట్టు ఎక్కవచ్చా లేదా అన్నది అతను చెప్పాలి. అన్ని టెస్ట్ పాయింట్లూ ఇవాళే పూర్తి చేయాలని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడిలో రేడియోలో ఆపమని చెప్పగలగడం కూడా పాఠ్యాంశమే. దాన్ని మాటలతో నేర్పలేరు కాబట్టి, గురువులు కృత్రిమంగా లోపాలు పుట్టించి, విద్యార్థి ఎప్పుడు ఆపుతాడో చూస్తారు.

ఇంజనీరుకు గణితం కూడా కావాలి, అదీ మామూలు గణితం కాదు. ఒక కొత్త క్షిపణిని పదిసార్లు ప్రయోగిస్తే పదిసార్లూ గురి తాకిందనుకుందాం. పత్రికలు నూటికి నూరు పాళ్ళు విజయమని రాస్తాయి. పరీక్షకుడు అలా రాయలేడు. నిజానికి వందకు 74 సార్లే పనిచేసే క్షిపణి కూడా, అదృష్టం కలిసొస్తే, వరసగా పదిసార్లు తగలవచ్చు. అలా జరిగే అవకాశం ఇరవైలో ఒకటి. కాబట్టి పది విజయాల తర్వాత 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది, కనీసం 74 శాతం పనిచేస్తుందని మాత్రమే. 90 శాతం అని అదే నమ్మకంతో చెప్పాలంటే, ఒక్క వైఫల్యం కూడా లేకుండా 29 ప్రయోగాలు కావాలి. ఒక్కో క్షిపణి కోట్ల రూపాయల ఖరీదు. న్యూపోర్ట్‌లో రెండు టార్పెడోలతో సరిపెట్టుకున్న ప్రలోభం ఇక్కడ కూడా అలాగే ఎదురుగా నిలబడుతుంది.

తక్కువ ప్రయోగాల నుంచి ఎక్కువ జవాబులు రాబట్టే దారి చూపినవారిలో మన సి.ఆర్. రావు గారు ఒకరు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేశారు. సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు కలకత్తా వెళ్ళి, ఆ ఉద్యోగం దొరక్క, అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1940లలో ఆయన ప్రవేశపెట్టిన ఆర్తోగనల్ అరేలు అనే పట్టికలు పొలాల ప్రయోగాల నుంచి కర్మాగారాల దాకా, అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్ పరీక్షల దాకా వ్యాపించాయి.

ఆ పట్టికలో చిన్నదాన్ని చేత్తోనే వేసి చూడవచ్చు. క్షిపణి పగలు గానీ రాత్రి గానీ, ఎత్తు నుంచి గానీ కిందినుంచి గానీ, నిలిచిన లక్ష్యం మీదికి గానీ కదిలే లక్ష్యం మీదికి గానీ వదలవచ్చు. అన్ని కలయికలూ చూడాలంటే ఎనిమిది ప్రయోగాలు. రావుగారి పద్ధతిలో నాలుగు చాలు. పగలు, ఎత్తు, నిలిచిన లక్ష్యం ఒకటి. పగలు, కింద, కదిలేది రెండోది. రాత్రి, ఎత్తు, కదిలేది మూడోది. రాత్రి, కింద, నిలిచినది నాలుగోది. ఏ రెండు అంశాలు తీసుకున్నా వాటి నాలుగు కలయికలూ ఇందులో ఒక్కోసారి వచ్చి తీరతాయి. అంశాలు ఏడైతే మొత్తం కలయికలు 128, పట్టికలో ఎనిమిది వరసలే. కానీ జాగ్రత్తగా చూడండి. రాత్రి, కింద, కదిలే లక్ష్యం అన్న కలయిక మన నాలుగింటిలో లేదు. క్షిపణి సరిగ్గా ఆ మూడూ కలిసినప్పుడే విఫలమయ్యే రకమైతే పట్టిక దాన్ని పట్టుకోలేదు. భౌతికశాస్త్రం తెలిసినవాడు, చీకట్లో నేలకు దగ్గరగా కదిలే లక్ష్యాన్ని వేడి ఆధారంగా వెతికే కన్ను తడబడవచ్చని ముందే అనుమానించి, ఐదో ప్రయోగం కోసం వాదిస్తాడు. గణితం వచ్చిన పరీక్షకుడికి ఆయుధం కూడా తెలిసి ఉండాలనడానికి ఇదే కారణం.

అసలు పట్టికలో పెట్టాలని ఎవరికీ తోచని అంశం ఉంటే? 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో అమెరికా సైనికుల బస మీద ఇరాక్ స్కడ్ క్షిపణి పడి 28 మంది చనిపోయారు. దాన్ని గాల్లోనే కూల్చాల్సిన పేట్రియాట్ దళం పనిలోనే ఉంది, కానీ ప్రయోగించలేదు. ఆ యంత్రం సమయాన్ని సెకనులో పదో వంతులుగా లెక్కపెట్టేది. పదో వంతు అన్న సంఖ్యను కంప్యూటరు వాడే ద్విసంఖ్యా పద్ధతిలో రాస్తే అంకెలకు అంతుండదు. దాన్ని 24 బిట్ల దగ్గర కత్తిరించడంతో ప్రతి లెక్కలోనూ అతి సూక్ష్మమైన తప్పు మిగిలింది. యంత్రాన్ని ఆపకుండా వంద గంటలు నడిపేసరికి ఆ తప్పు పేరుకుని సెకనులో మూడో వంతు అయింది. సెకనుకు 1,600 మీటర్లకు పైగా దూసుకొచ్చే స్కడ్ ఆ మూడో వంతులో అర కిలోమీటరు దాటేస్తుంది. రాడార్ దాన్ని అది లేనిచోట వెతికింది. పేట్రియాట్‌ను చోటు మారుస్తూ కొన్ని గంటలు మాత్రమే వాడతారని రూపకర్తలు అనుకున్నారు. యుద్ధంలో సైనికులు దాన్ని ఒకేచోట రోజుల తరబడి నడిపారు. ఎక్కువసేపు నడిపితే గురి జరుగుతోందని ఇజ్రాయెల్ దళాలు ఫిబ్రవరి 11నే చెప్పాయి. దిద్దిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్‌కు ఫిబ్రవరి 26న చేరింది, దాడి జరిగిన మర్నాడు.

అందువల్ల శిక్షణలో రెండు దశలను వేరుగా నేర్పుతారు. యంత్రం చెప్పినట్టు పనిచేస్తోందా అన్నది ఇంజనీర్లు చూసే దశ. దాన్ని మామూలు సైనికుడు, తన నిద్రలేమితో, తన దుమ్ములో, తన అలవాట్లతో వాడితే పనికొస్తుందా అన్నది రెండో దశ. రెండోదాన్ని తయారీదారుల చేతిలో ఉంచకూడదని అమెరికా కాంగ్రెస్ 1983లో చట్టం చేసి, విడిగా ఒక కార్యాలయం పెట్టింది. మన దేశంలో రాజస్థాన్ ఎడారి వేసవిలో సైన్యమే తన సిబ్బందితో యూజర్ ట్రయల్స్ చేయడం ఇందుకే. మన కర్నూలు జిల్లాలో కూడా డీఆర్‌డీవోకు నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్ ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ 30 కిలోవాట్ల లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చి చూపించారు. హైదరాబాద్‌లోని చెస్ అనే డీఆర్‌డీవో ప్రయోగశాల దాన్ని రూపొందించింది. లేజర్ కిరణం గాలిలోంచే పోవాలి కాబట్టి దుమ్ము, తేమ, మధ్యాహ్నపు ఎండకు నేల నుంచి లేచే వేడి గాలి దాని శక్తిని చెదరగొడతాయి. కూల్చగలదా అన్నదానికి ఆ రోజు జవాబు దొరికింది. జూన్ మధ్యాహ్నం, జులై మబ్బు, సముద్రతీరపు ఉప్పుగాలి, ఈ వరసలు పట్టికలో ఎన్ని ఉండాలన్నది పరీక్షకుడి పని.

ఈ విద్య నేర్చినవాళ్ళకు ఇప్పుడు కొత్త రకం విద్యార్థి ఎదురయ్యాడు. 1996లో తేజస్‌లా నటించిన ఆ విస్టా విమానమే ఇప్పుడు ఎక్స్-62ఎ అన్న పేరుతో ఎడ్వర్డ్స్ స్థావరంలోని అమెరికా వైమానిక దళ టెస్ట్ పైలట్ పాఠశాల చేతిలో ఉంది. 2022 డిసెంబరులో దాన్ని కృత్రిమ మేధ నడిపింది. 2023 సెప్టెంబరులో అది మనిషి నడిపే ఎఫ్-16తో ముఖాముఖి గాలిపోరుకు దిగి, గంటకు 1,200 మైళ్ళ వేగంతో రెండు వేల అడుగుల దూరం దాకా దగ్గరికొచ్చింది. లోపల కూర్చున్న భద్రతా పైలట్లకు ఆ పోరుల్లో కృత్రిమ మేధను ఆపాల్సిన అవసరం రాలేదు.

ఇదివరకటి విమానం ఇవాళ ఎలా ప్రవర్తించిందో రేపూ అలాగే ప్రవర్తిస్తుంది. ఆ నమ్మకం మీదే కూపర్, హార్పర్ల అంకెలూ, 29 ప్రయోగాల లెక్కా నిలబడ్డాయి. ఎక్స్-62ఎ మీద ఇరవై ఒక్క ప్రయాణాల్లో ఎగిరే భద్రతకు కీలకమైన సాఫ్ట్‌వేర్‌లో లక్ష వరసలకు పైగా మార్చారు. సోమవారం పరీక్షించిన యంత్రం బుధవారానికి వేరే యంత్రం అయిపోతే, సోమవారం ఫలితాల్లో ఎన్ని బుధవారానికి చెల్లుతాయో తేల్చే పద్ధతి ఇంకా రూపుదిద్దుకుంటోంది. ఈలోగా ఆ పాఠశాలవాళ్ళు పాత క్రమశిక్షణనే పట్టుకుని నడుస్తున్నారు. ముందు నేలమీది కంప్యూటర్లో, తర్వాత గాల్లో ఒంటరిగా, తర్వాత దూరంగా ఉన్న మరో విమానంతో, ఆ తర్వాతే దగ్గరగా. ఒక్కో మెట్టుకు ముందు రాసిపెట్టుకునే హద్దుల్లో కనీస ఎత్తు, ఎదుటి విమానానికి కనీస దూరం ఉంటాయి, వాటిలో ఏది దాటినా పగ్గాలు పైలట్ చేతికి వచ్చేస్తాయి.